సర్ ఆలివర్ లాడ్జి

ఇంగ్లండు దేశపు నడిమిభాగమున స్టాఫర్డుషైరు అను మండలము కలదు. పందొమ్మిదవ శతాబ్దమున ఆ మండలపు ఉత్తరభాగము బొగ్గుగనులకును కుమ్మరి పనికిని పేరుపొందియుండెను. ఒకచోట నేలలోనుండి బొగ్గు త్రవ్వి తీయుదురు. ఆ ప్రక్కనే ఆ బొగ్గుతో పింగాణిపాత్రలు కాల్తురు. ఆవములనుండి వెలువడు పొగచే పట్టపగలే ఆకాశము మసిబారియుండెడిది. గోదావరిఖని, రామగుండము ప్రాంతములలో పుట్టి పెరిగిన బాలబాలికలకు అట్టి దృశ్యము బొత్తిగా క్రొత్తగా తోపదు. ఆ పొగల నడుమనున్న పెంఖల్ అను ఊరిలో 1851 సంవత్సరము జూను 12వ తేదీన ఆలివర్ లాడ్జి జన్మించెను. ఆ దంపతులకు ఎనమండుగురు కుమారులు, ఒక కుమార్తె. వారిలో ఆలివరే పెద్దవాడు.

తండ్రి మన్ను వర్తకుడు. దక్షిణ ఇంగ్లండునుండి మేలిరకపు బంకమన్ను తెప్పించి కుమ్మరులకు విక్రయించుచుండెను. పెద్దకుమారుడు తన వ్యాపారమును నిలుపవలెనని ఆయన కోరిక. బాలునకు బడియందు సుఖము లేదు. ఆనాటి బడులలో బెత్తమునకు కొదువ లేకుండెను. ఆ పిల్లవానికి కావలసిన ప్రకృతిశాస్త్రము మాత్రము మృగ్యమై యుండెను. పదునాలుగవ యేట ఆ చదువును మానిపించి తండ్రి అతనిని వ్యాపారమున చేర్చుకొనెను. నాటినుండి బట్టీల వెంట తిరిగి బేరములు కుదుర్చుట, బాకీలు వసూలుచేయుట, చిట్టాలు వ్రాయుట అతని పనులయ్యెను. ఇట్లు దాదాపు ఎనిమిదేండ్లు గడచెను.

లండను నగరమున మేనత్తవలె ప్రేమించు ఒక పిన్నమ్మ యుండెను. ఆమె అతనిని తనయింటికి పిలిపించుకొని, అచట జరుగు శాస్త్రోపన్యాసములకు పంపెను. రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అను ప్రసిద్ధసంస్థలో జాన్ టిండాల్ అను పండితుడు ప్రయోగములు చూపుచు భౌతికశాస్త్రమును బోధించుచుండెను. ఆ ఉపన్యాసములు విన్నపిమ్మట ఆ యువకునకు మన్ను బేరముపై మనసు నిలువలేదు. పగలు తండ్రి పని చేసి, రాత్రులు గణితము, రసాయనశాస్త్రము చదువుకొనెను. ఇరువదిరెండవ యేట వ్యాపారమును విడిచి లండను విశ్వవిద్యాలయ కళాశాలలో ప్రవేశించెను. తండ్రికి ఇది కష్టముగనే తోచియుండును. 1877లో విజ్ఞానశాస్త్రమున డాక్టరు పట్టమును పొందెను. ఆ యేడే వివాహమయ్యెను. 1881లో లివర్‌పూలు నగరమున క్రొత్తగా నెలకొల్పిన కళాశాలలో భౌతికశాస్త్రాచార్యుడుగా నియమితుడయ్యెను.

లివర్‌పూలులో ఆయన చేసిన తొలిపనులలో నొకటి పొగకు సంబంధించినది. బాల్యమంతయు పొగలో గడపినవానికి ఆ విషయముపై దృష్టి పోవుట వింత కాదు. పొగ నిండిన గాజుపాత్రలో ఒక లోహపు సూదిని నిలిపి దానికి బలమైన విద్యుత్తు నిచ్చినచో, ఆ నలుసులు ఒకదానితో నొకటి అంటుకొని అడుగునకు దిగునని ఆయన చూపెను. 1885లో వేల్సు ప్రాంతమునందలి ఒక సీసపు కర్మాగారమున దీనిని పెద్దయెత్తున ప్రయోగించి చూచిరి. చేతనున్న విద్యుద్యంత్రముల శక్తి చాలక ఆ యత్నము విఫలమయ్యెను. లాడ్జి దానిని ప్రక్కన బెట్టి వేరొక పనికి పోయెను. ఒక పనిని ముక్కాలువంతు సాధించి మరియొకదానిపైకి పోవుట ఆయన స్వభావముననే యుండెను. దానివలన ఆయన పోగొట్టుకొన్నది కొంచెము కాదు.

1888లో పిడుగులనుండి కట్టడములను కాపాడు కడ్డీలను గూర్చి ఉపన్యసింపవలసినదిగా ఆయనను కోరిరి. అందుకై ఆయన లీడెన్ జాడీలతో ప్రయోగములు చేసెను. లీడెన్ జాడీ యనగా లోపలను వెలుపలను తగరపు రేకు అంటించిన గాజుజాడీ. దానిలో విద్యుత్తును నిలువచేసి ఒక్కమారుగా విడిచినచో పెళ్లున మెరుపు పుట్టును. ఆ మెరుపు ఒకే దిక్కునకు పోవు ప్రవాహము కాదనియు, ఉయ్యాలవలె ఇటునటు ఊగుచు క్రమముగా అణగునదనియు ఆయన ఎరుగును. జాడీకి రెండు పొడవైన తీగలను చేర్చి చూడగా, విద్యుత్తు ఆ తీగల వెంట అలలుగా పోయి, కొనను తాకి వెనుకకు మరలుచుండెను. ఆ అలల పొడవును ఆయన కొలిచెను. విద్యుదయస్కాంత తరంగములున్నవని మాక్స్‌వెల్ మహాశయుడు గణితముచే ఊహించిన విషయమునకు ప్రత్యక్ష నిదర్శనము దొరకెనని సంతసించి, వేసవి సెలవులకు ఆల్ప్సు పర్వతములకు బయలుదేరెను. దారిలో చదువుటకు ఒక జర్మను శాస్త్రపత్రికను వెంట గొనిపోయెను. అందు హైన్రిక్ హెర్ట్జ్ అను యువకుని వ్యాసముండెను. లాడ్జి తీగల వెంట చూచిన అలలను హెర్ట్జ్ తీగలు లేకయే, ఉత్త ఆకాశమున పుట్టించి చూపియుండెను. లాడ్జి అసూయపడలేదు. తన వ్యాసము చివర హెర్ట్జ్ పనిని మెచ్చుచు కొన్ని పంక్తులు చేర్చి పంపెను. తరువాతి కాలమున ఇంగ్లండులో హెర్ట్జ్ కీర్తిని చాటినవారిలో ఆయనయే ముందు నిలిచెను.

ఆ మరుసటి యేట ఆయన చేసిన ప్రయోగము చూచుటకు చిన్నది. ఒకే విధమైన రెండు లీడెన్ జాడీలను కొంత దూరమున నుంచి, ఒక్కొక్కదానికి ఒక తీగవలయమును తగిల్చెను. మొదటి జాడీలో మెరుపు పుట్టించినప్పుడు రెండవ జాడీలో నేమియు కనబడలేదు. రెండవ వలయమునకు అడ్డముగానున్న కడ్డీని కొంచెము కొంచెముగా జరుపుచు పోగా, ఒక్క స్థానమున మాత్రము రెండవ జాడీ అంచునను చిన్న మెరుపు తళుక్కుమనెను. కడ్డీని ఇటునటు జరిపినంతనే అది మాయమయ్యెను. రెండు తంబురాలను ఒకే శ్రుతికి చేర్చి ఒకదానిని మీటిన, రెండవది తనంతట తానే మ్రోగును గదా! ఇదియు అట్టిదే. విద్యుత్తునకును శ్రుతి కలదని ఆ చిన్న మెరుపు తెలిపెను.

1894 జనవరి మొదటి తేదీన ముప్పదియారేండ్ల ప్రాయముననే హెర్ట్జ్ మరణించెను. ఆ జూనులో లండనునందు లాడ్జి ఆయన స్మృత్యర్థము ఉపన్యసించి ప్రయోగములు చూపెను. తరంగములను పసికట్టుటకు లోహపు రజను నింపిన గాజుగొట్టమును వాడెను. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడగు బ్రాన్లీ కనిపెట్టిన ఆ సాధనమును లాడ్జి బాగుచేసి పేరు పెట్టెను. ఆగస్టులో ఆక్స్‌ఫర్డు నగరమున జరిగిన శాస్త్రజ్ఞుల సభలో ఒక భవనమునుండి మరియొక భవనమునకు, గోడలను దాటి, సుమారు అరువది మీటర్ల దూరము తీగ లేకుండ సంకేతములు పంపెను. ఆ ఉపన్యాసము అచ్చయి దేశదేశములకు పోయెను. కలకత్తాలో దానిని చదివిన జగదీశచంద్ర వసువు స్వయముగా ప్రయోగములు ప్రారంభించి, 1896లో లివర్‌పూలులో జరిగిన సభలో లాడ్జి మొదలగువారి యెదుట తన పరికరములను ప్రదర్శించి మన్నన లందెను.

ఆక్స్‌ఫర్డు సభలో చూపిన దానితో వార్తలు పంపవచ్చునని లాడ్జికి తోచలేదా యని నేడు మనకు సందేహము కలుగును. ఆయనకు అది ప్రకృతిరహస్యము. వర్తకమున కుపయోగించు వస్తువు కాదు. మన్ను బేరమును విడిచి వచ్చినవాడు మరల బేరములోనికి దిగుటకు ఇష్టపడకపోయి యుండవచ్చును. ఇంతలో ఇటలీనుండి మార్కోనీ యను యువకుడు వచ్చి, 1896 జూనులో లండనునందు హక్కుపత్రమునకు దరఖాస్తు పెట్టెను. తపాలాశాఖ ముఖ్య ఇంజనీరగు ప్రీస్ అతనికి అండగా నిలిచెను. పత్రికలన్నియు మార్కోనీనే కొనియాడసాగెను. మార్కోనీ దూరమును జయించుటకు పూనుకొనెను. నేలను, ఎత్తైన తీగను వాడి మైళ్లకొలది వార్తలు పంపెను. ఆ పట్టుదల లాడ్జికి లేకుండెను. ఇది ఒప్పుకొనవలసిన విషయము. కాని మార్కోనీ తొలి యంత్రములందు ఒక లోపము మిగిలిపోయెను. వాటికి శ్రుతి లేదు. ఇద్దరు ఒకేమారు మాటాడినచో వినువానికి రెండును కలగాపులగమై యేదియు తెలియకుండెను.

ఆ లోపమును తీర్చు ఉపాయము లాడ్జి చేతనుండెను. 1897 మే నెలలో ఆయన తన హక్కుపత్రమునకు దరఖాస్తు చేసెను. అందలి ఆలోచన తెలిసికొనదగినది. లీడెన్ జాడీ వలయము చిరకాలము మ్రోగును, కాని దాని తరంగములు దూరము పోవు. నిట్టనిలువు తీగ తరంగములను దూరము వెదజల్లును, కాని రెండు మూడు ఊపులలో అలసి ఆగిపోవును. అంత త్వరగా ఆగిపోవు మ్రోతకు శ్రుతి కుదరదు. రెంటి గుణములును ఒక్కచోట నుండవలెను. అందుకై ఆయన పైన నొకటి, క్రింద నొకటి విశాలమైన లోహపు శంకువులను గాని పలకలను గాని నిలిపి, ఆ రెంటి నడుమ మంచి వాహకమగు లోహపు తీగచుట్టను ఇమిడ్చెను. చుట్టను మార్చిన శ్రుతి మారును. పంపువాడును అందుకొనువాడును ఒకే శ్రుతిలో నున్నచో ఇతరుల గోల వినరాదు. నేటి రేడియోలో మర తిప్పి కావలసిన కేంద్రమును పట్టుకొనుటకు మూలము ఇదియే.

తీగచుట్ట చేయు పనిని మన మృదంగము చక్కగా బోధించును. వాద్యకారుడు మృదంగపు ఎడమవైపు తోలునకు తడిపిన రవ్వముద్దను అద్దును. ఆ బరువుచే తోలు మెల్లగా కదలి, చిన్న మూతయైనను గంభీరమైన మంద్రస్వరమును పలుకును. విద్యుత్తునకు తీగచుట్ట అట్టి బరువు. చుట్టలో విద్యుత్తు ఒక్కమారుగా కదలదు. కదలినది ఒక్కమారుగా ఆగదు. విద్యుత్తునకు గల ఈ జడత్వమును గూర్చి లాడ్జి 1889లోనే తన గ్రంథమున యంత్రముల పోలికలతో వివరించియుండెను. కావున పొట్టితీగ సహజముగా హెచ్చుస్వరమును పలుకునదైనను, దానికి తగిన చుట్టను చేర్చినచో పొడుగుతీగ పలుకు తగ్గుస్వరమునే పలుకును.

ఏరియలును పొట్టిచేయుట లాడ్జి ముఖ్యోద్దేశము కాదు. ఆ లాభమును తరువాతివారు పొందిరి. వారిలో ముఖ్యులు ఔత్సాహిక రేడియో సాధకులు. వీరు పరీక్షలో నెగ్గి, ప్రభుత్వానుమతి పొంది, లాభాపేక్ష లేక తమ యింటినుండియే లోకమంతటితో సంభాషింతురు. వీరు వాడు తరంగములలో ఒక తెగ పౌనఃపున్యము 7 మెగాహెర్ట్జులు. అనగా తరంగము పొడవు దాదాపు 43 మీటర్లు. నిలువు ఏరియలు అందులో నాలుగవవంతు, అనగా సుమారు పదిన్నర మీటర్లుండవలెను. ఇది మూడంతస్తుల మేడ యెత్తు. గోదావరిఖనిలోని గని క్వార్టరు వంటి చిన్నయింటి పెరటిలో అంత కంబమును నిలిపి నలువైపుల మోకులు లాగుటకు చోటెక్కడిది? రెండున్నర మీటర్ల కడ్డీకి తీగచుట్టను తగిల్చిన శ్రుతి కుదురును.

అయితే పొట్టితనమునకు మూల్యము చెల్లింపవలెను. పూర్తి ఏరియలు తరంగరూపమున వెదజల్లు శక్తిని ఒక నిరోధముగా లెక్కించినచో అది సుమారు 36 ఓములు. పొట్టిదైనకొలది ఇది పొడవు వర్గమును బట్టి తగ్గి, ఆ రెండున్నర మీటర్ల కడ్డీకి ఒకటిన్నర ఓము కూడ ఉండుట కష్టము. చుట్టలోను నేలలోను వృథా యగు నిరోధము పదమూడున్నర ఓములనుకొందము. మొత్తము పదునైదు. అప్పుడు నూరు వాట్లు పంపిన, పది వాట్లు మాత్రమే ఆకాశమునకు చేరును. తొంబది వాట్లు చుట్టను, మట్టిని వేడిచేయుటకే చెల్లును. యంత్రముశక్తిని హెచ్చించుట దీనికి మందు కాదు. వృథాను నాలుగున్నర ఓములకు తగ్గింపగలిగినచో అదే నూరు వాట్లలో ఇరువదియైదు వాట్లు పైకి పోవును.

ఎట్లు తగ్గింపవలెను? చుట్టకు సన్నతీగ పనికిరాదు. లావుపాటి రాగితీగను, వెడల్పైన వలయములుగా, చుట్టునకు చుట్టునకు నడుమ ఎడము విడిచి చుట్టవలెను. చుట్టను కడ్డీ మొదట గాక నడుమ నుంచినచో క్రిందిసగమున ప్రవాహము తరుగక నిండుగా నుండును. కాని అప్పుడు చుట్ట పెద్దది కావలెను. కడ్డీ కొనపై లోహపు ఆకులను గొడుగువలె పరచినచో ప్రవాహము పైదాక దాదాపు సమానముగా సాగి, వెదజల్లు నిరోధము నాలుగింతల వరకు పెరుగవచ్చును, చుట్టయు చిన్నదగును. కడ్డీ మొదటినుండి నేలపై నలుదిక్కుల తీగలు పరచుట మరువరాదు. ఎండిన నేలకంటె రాగితీగ మేలైన త్రోవ. ఇన్ని చేసినను ఒక చిక్కు మిగులును. చుట్ట మంచిదైనకొలది శ్రుతి సన్నబడును. పౌనఃపున్యమును కొంచెము జరిపిన మరల సవరింపవలసివచ్చును. పైన లోహపు విస్తారము, నడుమ మంచి తీగచుట్ట, క్రింద మరియొక విస్తారము - ఇవి మూడును 1897 నాటి లాడ్జి పటములోనే యుండుట గమనింపదగినది.

1901లో లాడ్జి, అలెగ్జాండర్ మ్యూర్‌హెడ్ అను ఇంజనీరును కలిసి ఒక సంస్థను నెలకొల్పిరి. మార్కోనీ సంస్థ బలముముందు అది అంతగా వృద్ధిపొందలేదు. అయినను మన బంగాళాఖాతమున దానికొక గౌరవము దక్కెను. 1904-05 ప్రాంతమున భారత తంతిశాఖ బర్మా తీరమందలి డైమండు దీవికిని అండమానులలోని పోర్టుబ్లెయిరునకును నడుమ, సుమారు మూడువందల మైళ్ల సముద్రముపై, లాడ్జి మ్యూర్‌హెడ్ పద్ధతిని నెలకొల్పెను. అదివరలో అండమాను దీవుల వార్త ఓడ వచ్చినగాని తెలియకుండెను. సుమారు నూరేండ్ల పిమ్మట, 2004 డిసెంబరులో, హైదరాబాదునందలి జాతీయ ఔత్సాహిక రేడియో సంస్థ పక్షమున శ్రీమతి భారతీ ప్రసాద్ నాయకత్వమున ఒక బృందము అదే పోర్టుబ్లెయిరులో యంత్రములు నిలిపి లోకముతో సంభాషించుచుండెను. 26వ తేదీ తెల్లవారుజామున భూమి కంపించి, సముద్రము పొంగి, టెలిఫోనులు మూగవోయెను. అప్పుడా బృందము తమ వేడుకను విడిచి, ఆ దీవుల క్షేమసమాచారములను ఒడ్డునకు చేరవేయు పనికి పూనుకొనెను.

లాడ్జి హక్కుపత్రపు గడువు 1911లో ముగియవలసియుండెను. ఆ కాలములో దానివలన తనకు తగిన ప్రతిఫలము రాలేదని ఆయన న్యాయస్థానమును ఆశ్రయించెను. న్యాయమూర్తి పార్కరు విచారించి దానిని మరి ఏడేండ్లు పొడిగించెను. అట్టి పొడిగింపు అరుదు. ఇక కాదనలేక మార్కోనీ సంస్థ ఆ యేడే ఆ హక్కును లాడ్జియొద్ద కొనెను. మార్కోనీ శ్రుతి హక్కుపత్రములోని ముఖ్యాంశములు లాడ్జి, టెస్లా, స్టోన్ మున్నగువారు ముందే యెరిగినవని అమెరికా అత్యున్నత న్యాయస్థానము 1943లో తీర్పు చెప్పెను. ఆనాటికి మార్కోనీయు లేడు, లాడ్జియు లేడు.

1900లో లాడ్జి బర్మింగుహాము విశ్వవిద్యాలయమునకు ప్రథమాధ్యక్షుడై 1919 వరకు ఆ పదవిలో నుండెను. 1902లో సర్ బిరుదము నందెను. ఆయనకు పన్నెండుగురు సంతానము. కుమారులలో ఇరువురు మోటారుబండ్లకు వలయు మెరుపుకొనలను తయారుచేయసాగిరి. మరి ఇరువురు తండ్రి విడిచిన పొగపనిని చేపట్టి 1913లో దానికై ఒక సంస్థను స్థాపించిరి. అమెరికాలో కాట్రెల్ అను శాస్త్రజ్ఞుడు ఆ పద్ధతిని అప్పటికే ఫలవంతము చేసియుండెను. నేడు రామగుండములోని థర్మల్ విద్యుత్కేంద్రమున బొగ్గు కాలగా వచ్చు పొగ గొట్టము చేరకముందే, విద్యుత్తుచే బూడిదను పట్టు పెద్దగదుల గుండ పోవును. 1884 నాటి గాజుపాత్రలోని సూత్రమే అచట పనిచేయుచున్నది.

1915 సెప్టెంబరులో ఆయన చిన్నకుమారులలో నొకడగు రేమండ్ బెల్జియము యుద్ధభూమిలో మరణించెను. మృతుల ఆత్మలతో సంభాషింపవచ్చునని లాడ్జి అంతకుముందే నమ్మియుండెను. పుత్రశోకమున ఆ నమ్మకము మరింత గట్టిపడెను. కుమారుడు తనతో మాటాడుచున్నాడని చెప్పు గ్రంథమును 1916లో ప్రకటించెను. పుత్రులను కోల్పోయిన వేలాది తల్లిదండ్రులు దానిని చదివి ఊరడిల్లిరి. తోటి శాస్త్రజ్ఞులు పెక్కురు నొచ్చుకొనిరి. జాడీ అంచున పుట్టిన చిన్నమెరుపును కడ్డీ జరిపి జరిపి పరీక్షించినవాడు ఈ విషయమున అంతటి పరీక్ష చేయలేకపోయెను. ఐన్‌స్టైన్ సిద్ధాంతము వ్యాపించిన పిదపను, తరంగములకు ఆధారమగు ఈథరు అను సూక్ష్మద్రవ్యము కలదను మాటను ఆయన విడువలేదు.

విల్టుషైరులోని ఒక పల్లెలో 1940 ఆగస్టు 22వ తేదీన, ఎనుబదితొమ్మిదవ యేట, సర్ ఆలివర్ లాడ్జి మరణించెను. రెండవ ప్రపంచయుద్ధము సాగుచుండెను. ఇంగ్లండులోను భారతదేశములోను ప్రభుత్వము ఔత్సాహికుల అనుమతులను రద్దుచేసి, వారి ప్రసారయంత్రములను స్వాధీనము చేసికొని యుండెను. యుద్ధము ముగిసి 1946లో అనుమతులు మరల లభించువరకు ఆ యేరియళ్లు మౌనముగనే యుండెను.